పద్దెనిమిది మంది పిల్లల బడి: దాని అంకెల్ని ఎలా చదవాలి

ఐదో తరగతిలో నలుగురే ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఒక్కో పిల్ల విలువ 25 శాతం. పోయినేడు నలుగురిలో ముగ్గురు తెలుగు పేరా చదివి, ఈ ఏడు ఇద్దరే చదివితే మండల సమీక్షలో ఆ బడి పేరు పక్కన '75 నుంచి 50కి పడింది' అని రాస్తారు. టీచరును నిలబెట్టి కారణం అడుగుతారు. నిజానికి పోయినేటి నలుగురూ ఆరో తరగతికి వెళ్ళిపోయారు, ఈ ఏటి నలుగురూ వేరే పిల్లలు. అక్కడ చెప్పగలిగిన కారణమేదీ లేకపోవచ్చు. అయినా సంజాయిషీ రాయాల్సిందే.

ఇది ఏ కొండ మీదో ఉన్న ఒకటి రెండు బడుల సంగతి కాదు. గ్రామీణ ప్రాంతాల్లో ప్రథమ్ సంస్థ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం 60 మందికన్నా తక్కువ పిల్లలున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు 2022లో 44 శాతం ఉంటే 2024 నాటికి 52 శాతం అయ్యాయి. 2024-25 యూడైస్ ప్లస్ (కేంద్ర విద్యాశాఖ నడిపే బడుల సమాచార వ్యవస్థ) లెక్కల్లో ఒకే టీచరుతో నడిచే బడులు దేశంలో లక్ష దాటాయి. వాటిలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912 ఉన్నాయి. ఒక్క విద్యార్థి కూడా లేని బడులు తెలంగాణలో 2,245. పిల్లలు తగ్గడానికి మొదటి కారణం పుట్టుకలు తగ్గడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఉన్న కొద్దిమందిలోనూ కొందరిని ప్రైవేటు బడి వ్యాను వచ్చి తీసుకుపోతుంది. అమ్మఒడి డబ్బయినా, తర్వాత వచ్చిన తల్లికి వందనం డబ్బయినా ప్రైవేటు బడికి పంపే తల్లికీ అందుతుంది కాబట్టి అది పిల్లల్ని సర్కారు బడిలో కట్టిపడేయదు.

ఇలాంటి బడి చదువు బాగుందా లేదా తేల్చాలంటే పెద్ద బడికి వాడే కొలతలు పనికిరావు. ఒక ఉదాహరణ బడిని తీసుకుందాం. ఒకటో తరగతిలో ముగ్గురు, రెండులో ముగ్గురు, మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో నలుగురేసి, మొత్తం 18 మంది. ఒక ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు.

అంకె ఎంత ఊగుతుంది

మూడు నుంచి ఐదు వరకు ఉన్న పన్నెండు మందిలో ఒక్కొక్కరికి రెండో తరగతి కథ చదవగలిగే అవకాశం సరిగ్గా సగం అనుకుందాం. అంటే టీచరు పని, పిల్లల సత్తా ఏటా ఒకేలా ఉన్నాయి, ఏమీ మారలేదు. అయినా నాణెం పన్నెండుసార్లు ఎగరేస్తే ప్రతిసారీ ఆరు బొమ్మలే పడవు కదా. లెక్క వేసి చూస్తే చదవగలిగినవాళ్ళు నలుగురు లేదా అంతకన్నా తక్కువ తేలే అవకాశం 19 శాతం. ఎనిమిది మంది లేదా అంతకన్నా ఎక్కువ తేలే అవకాశం కూడా 19 శాతమే. రెండూ కలిపితే పదేళ్ళలో దాదాపు నాలుగేళ్ళు ఆ బడి ఫలితం 33 శాతానికో అంతకన్నా కిందకో, 67 శాతానికో అంతకన్నా పైకో పోతుంది, దేనిలోనూ ఏ మార్పూ లేకుండానే. అదే మూడు తరగతుల్లో 120 మంది ఉన్న బడిలో అంత ఊపు దాదాపు ఎప్పుడూ కనిపించదు.

అందుకే జిల్లాలో మొదటి పది బడుల జాబితా తీసినా, చివరి పది తీసినా చిన్న బడులే ఎక్కువగా తేలతాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1,662 బడుల ఐదో తరగతి పఠన ఫలితాలను హోవార్డ్ వైనర్ అనే గణాంక శాస్త్రవేత్త పరిశీలిస్తే, అతి చిన్నవైన 3 శాతం బడులు మొదటి యాభైలో ఆరు స్థానాలు, చివరి యాభైలో తొమ్మిది స్థానాలు ఆక్రమించాయి. పైజాబితా ఒక్కటే చూసినవాళ్ళు చిన్న బడే మేలన్నారు. కింది జాబితా ఒక్కటే చూస్తే చిన్న బడులు మూసేయాలనిపిస్తుంది. మన దగ్గర ఎక్కువగా చూసేది కింది జాబితానే. చిన్న బడులకు జరుగుతున్న అన్యాయంలో ఇది పెద్ద భాగం.

ఆచరణలో చేయదగ్గది ఇది. శాతాలు రాయకుండా 'పన్నెండులో ఏడుగురు' అని రాయాలి. ఒక్క ఏడాది మీద తీర్పు చెప్పకుండా కనీసం మూడేళ్ళవి కలిపి చూడాలి. మూడేళ్ళు కలిపితే 36 ఫలితాలు వస్తాయి గానీ 36 మంది పిల్లలు రారు. ఈ ఏడు మూడో తరగతిలో ఉన్న పాపే వచ్చే ఏడు నాలుగులో, ఆ పైఏడు ఐదులో మళ్ళీ లెక్కకు వస్తుంది. కాబట్టి నమ్మకం పెరుగుతుంది, మూడింతలు మాత్రం పెరగదు. ఆంధ్రలో ఇంకో చిక్కు ఉంది. 2022లో వచ్చిన జీవో 117తో చాలా బడుల్లోంచి 3, 4, 5 తరగతులు దగ్గరి హైస్కూలుకు వెళ్ళాయి. 2025లో ఆ పద్ధతి రద్దయి, బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ అంటూ కొత్త విభజన వచ్చింది. ఈ మధ్యకాలంలో ఒకే యూడైస్ నంబరు కింద బడి స్వరూపమే రెండుసార్లు మారి ఉండవచ్చు. ఏళ్ళవారీ ఫలితాలను కలుపుతూ గీత గీసేముందు ఏ ఏడాది ఏ తరగతులు నడిచాయో పక్కన రాసుకోకపోతే ఆ గీతకు అర్థం ఉండదు.

ఎవరున్నారు, ఎవరు వెళ్ళిపోయారు

బడి రిజిస్టరులో ఉన్న పద్దెనిమిది మంది కులం, లింగం, వయసు పట్టికలోకి ఎక్కించడం పది నిమిషాల పని. అసలు పట్టిక ఊళ్ళో ఉంటుంది. అంగన్‌వాడీ రిజిస్టరు, ఇంటింటి సర్వే పక్కపక్కన పెట్టి ఆ ఆవాసంలో అయిదేళ్ళ నుంచి పదకొండేళ్ళ లోపు పిల్లలందరి పేర్లూ రాయాలి. ఒక్కో పేరు ఎదుట ఎక్కడ చదువుతున్నదీ రాయాలి: ఈ బడి, ప్రైవేటు, గురుకులం లేదా ఆశ్రమ పాఠశాల, చుట్టాల ఊరు, ఎక్కడా లేదు. అప్పుడే బడిలో ఉన్నవాళ్ళు ఎవరన్నది తెలుస్తుంది. ఊళ్ళో మగపిల్లలు ఇరవై మంది, ఆడపిల్లలు ఇరవై మంది ఉండి, బడిలో పదమూడు మంది ఆడపిల్లలు, అయిదుగురు మగపిల్లలు ఉంటే కొడుకుల్ని ఫీజు కట్టి బయటికి పంపుతున్నారన్నమాట. సమీక్షలో అదే అంకెను 'బాలికా విద్యలో ముందంజ' అని చదివే ప్రమాదం ఉంది.

వెళ్ళిపోయినవాళ్ళను లెక్కపెట్టకపోతే ఫలితాలూ తప్పుగానే అర్థమవుతాయి. ఇందులో అందరూ మరిచిపోయేది ఐదో తరగతి సంగతి. రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువ గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతి నుంచి, అదీ ప్రవేశ పరీక్షతో. నాలుగో తరగతి దాకా ఒళ్ళొంచి చదువు చెప్పి ఇద్దరికి సీటు తెప్పించిన టీచరుకు, జూన్‌లో ఐదో తరగతిలో మిగిలేది ఆ పరీక్షలో సీటు రానివాళ్ళు, రాయనివాళ్ళు. ఆ మిగిలినవాళ్ళకు పెట్టిన పరీక్షే బడి ఫలితంగా పైకి వెళ్తుంది. టీచరు ఎంత బాగా పనిచేస్తే ఆ బడి ఐదో తరగతి అంత బలహీనంగా కనిపించే విచిత్రమిది. దీనికి మందు తేలికే. నాలుగో తరగతి చివర, అంటే ఏప్రిల్‌లో, వెళ్ళబోయేవాళ్ళతో సహా అందరి స్థాయినీ రాసిపెట్టి, దాన్నే బడి ఫలితంగా చూపాలి. గురుకులానికి వెళ్ళినవాళ్ళ సంఖ్య దాని పక్కనే ఉండాలి.

పోల్చేటప్పుడు ఇంటి పరిస్థితిని పక్కన పెట్టలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్ళపాటు 180 ఊళ్ళలో జరిగిన అధ్యయనంలో ప్రైవేటు బడి ఫీజుకు సరిపడే వోచర్లను ప్రభుత్వ బడి పిల్లల కుటుంబాలకు లాటరీ తీసి ఇచ్చారు. లాటరీ కాబట్టి వోచరు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ ఒకే రకం ఇళ్ళ పిల్లలు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగు, గణితంలో ఇద్దరి మధ్య తేడా లేదు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చెప్పని హిందీలో మాత్రం ప్రైవేటు బడికి వెళ్ళినవాళ్ళు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగు, గణితానికి తక్కువ సమయం కేటాయించి కూడా, తలకు అయ్యే ఖర్చు మూడోవంతుతోనే ఆ ఫలితం తెచ్చాయన్నదీ అదే అధ్యయనం చెప్పింది. ఇంటి పరిస్థితి సమానమైతే తేడా లేదంటే, వ్యాను ఎక్కిన పిల్లలకూ ఊళ్ళో మిగిలిన పిల్లలకూ తెలుగులో, లెక్కల్లో కనిపించే అంతరం చాలావరకు ఇంటి నుంచి వచ్చిందేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

కులాలవారీగా పోలిక పెట్టమని ప్రొఫార్మాలు అడుగుతాయి. అయిదుగురు ఎస్సీ పిల్లలు, పదిమంది బీసీలు, ముగ్గురు ఎస్టీలు ఉన్న చోట ఆ పోలికలో పస లేదు. ఆ అయిదుగురిలో ముగ్గురు ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళయితే కొలిచింది ఒక కుటుంబాన్ని. కాబట్టి అన్నాచెల్లెళ్ళ బంధం రాసే గడి చిన్న బడి పట్టికలో తప్పనిసరి. ఎస్టీ అన్న మాట కూడా సరిపోదు. లంబాడా తండా పాప, భద్రాద్రి కోయ గుంపులోని పాప, సీతంపేట కొండల్లో సవర పాప, ముగ్గురూ ఎస్టీలే. ఇంట్లో మాట్లాడేది మూడు వేరువేరు భాషలు. ఉమ్మడి రాష్ట్రంలోనే గోండి, కోలామి, కోయ, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో మాతృభాషా ఆధారిత వాచకాలు తయారయ్యాయంటే అవసరం ఎంతో తెలుస్తుంది. యూడైస్‌లో మాతృభాష గడి ఉంది. దాన్ని అందరికీ 'తెలుగు' అని నింపేస్తే మూడో తరగతిలో పాప పేరా ఎందుకు అర్థం చేసుకోలేకపోతోందో ఆ పట్టిక ఎప్పటికీ చెప్పదు.

వలస ఇంకో పెద్ద విషయం. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు, పాలమూరు నుంచి కట్టుబడి పనులకు నగరాలకు కుటుంబాలు కదిలిపోతాయి. సీజనల్ హాస్టల్ లేనిచోట పిల్లలూ వెంట వెళ్తారు. పేరు రిజిస్టరులో ఉంటుంది, పాప మూడు నెలలు కల్లాల దగ్గర ఉంటుంది. ఫిబ్రవరి పరీక్షకు లేదు కాబట్టి ఫలితాల్లోనూ ఉండదు. హాజరును ఏడాది సగటుగా కాకుండా నెలవారీగా, ఒక్కో పాపకు విడివిడిగా రాస్తేనే ఇది బయటపడుతుంది.

నమోదు అంకె మీద ఒత్తిడి కూడా ఉంటుంది. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది వరకు 10 వేలు, 31 నుంచి 25 వేలు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి ముగ్గురు. ఇలాంటి గీతలకు అటూఇటూ ఉన్న బడి రిజిస్టరులో ఎప్పుడో వెళ్ళిపోయిన పేరు ఇంకా ఉందేమో చూడాలి. 2022-23 నుంచి యూడైస్ పిల్లలవారీ నమోదుకు మారాక ఒక పాప రెండు బడుల్లో ఉండటం కష్టమైంది, కొత్త తప్పు ఒకటి మొదలైంది. పాపను పాత బడి డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలిన పిల్లల పేర్లు ఉండే ఆన్‌లైన్ జాబితాలోకి) పంపాక కొత్త బడి ఆ పాప పాత నంబరుతోనే చేర్చుకోవాలి. అలా చేయకుండా కొత్త పేరుగా ఎక్కిస్తే, హాయిగా చదువుకుంటున్న పాప పాత బడి లెక్కల్లో బడి మానేసినట్టు తేలుతుంది. ఇరవై మంది లేని బడిలో అలాంటి రెండు ఎంట్రీలు చాలు, డ్రాపౌట్ రేటు పది శాతం దాటడానికి.

ఒక టీచరు, పద్దెనిమిది పాఠాలు

చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధనా గంటలు అంటుంది. రోజుకు నాలుగు గంటలు, 240 నిమిషాలు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం. మూడు నుంచి ఐదుకు వాటితోపాటు పరిసరాల విజ్ఞానం. అంటే ఆరు, పన్నెండు కలిపి రోజుకు పద్దెనిమిది పాఠాలు. ఒక్కో పాఠానికి 13 నిమిషాలు. పలక తీయించి, ముక్కు తుడిపించి, కూర్చోబెట్టేసరికి అందులో సగం పోతుంది. భోజనం ఎంట్రీ, హాజరు ఫొటో, కాంప్లెక్స్ (దగ్గరి బడుల సముదాయం) సమావేశం వేరే. టీచరు సెలవు పెడితే పక్క బడి నుంచి సర్దుబాటు రావాలి. రాకపోతే బడి తెరవరు. చిన్న బడి ఫలితాలను నిర్ణయించేవాటిలో ఇంతకు మించింది లేదు. పిల్లల కులమో తల్లిదండ్రుల చదువో వెతికే ముందు ఆ ఏడాది బడిలో టీచరు నిజంగా పాఠం చెప్పిన రోజులు లెక్కపెట్టాలి.

రెండో టీచరు వస్తే ఏమవుతుందన్నది ఊహించాల్సిన పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే లాటరీతో ఎంపిక చేసిన వంద గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడులకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చి చూశారు. రెండేళ్ళలో గణితంలోనూ భాషలోనూ ఆ బడుల పిల్లలు మిగతావాళ్ళకన్నా స్పష్టంగా ముందుకెళ్ళారు. 18 మందికి ఇద్దరు టీచర్లు దండగ అనేవాళ్ళు చట్టం 'అరవై వరకు ఇద్దరు' అన్నది విలాసం కోసం కాదని గమనించాలి. ఐదు తరగతులు ఐదుగా ఉన్నంతకాలం పిల్లలు తగ్గినా పాఠాలు తగ్గవు.

రెండో టీచరు వచ్చేదాకా ఉన్న దారి గుంపులు మార్చడం. 1-2 ఒక గుంపు, 3-5 ఒక గుంపు చేస్తే పద్దెనిమిది పాఠాలు ఏడవుతాయి, ఒక్కోదానికి 34 నిమిషాలు దొరుకుతాయి. తెలుగు, గణితం వరకు తరగతిని పక్కన పెట్టి స్థాయినిబట్టి మూడు గుంపులు చేస్తే ఇంకా మేలు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ బడుల్లో రూపుదిద్దుకున్న బహుళ తరగతి పద్ధతి ఇందుకే పుట్టింది. పాఠ్యాంశాన్ని చిన్న మైలురాళ్ళుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు బొమ్మ గుర్తుతో కార్డు పెట్టి, గోడ మీది నిచ్చెన చూసి పాపే తన కార్డు తీసుకునేలా చేశారు. టీచరు పూర్తిగా దగ్గరుండే గుంపు ఒకటి, కొంత సాయంతో నడిచే గుంపు ఒకటి, తోటిపిల్లల సాయంతో నడిచేది, సొంతంగా చేసుకునేది, ఇలా సర్దుతారు. కర్ణాటక నలి కలికీ, తమిళనాడు కార్డుల పద్ధతికీ ప్రేరణ ఇక్కడిదే. కార్డులు చిరిగి, పోయి, మళ్ళీ అచ్చు కానప్పుడు ఈ పద్ధతి కూలిపోతుంది. రెండో చిక్కు, టీచరు తెలియకుండానే బలహీనమైన గుంపును 'సొంతంగా చేసుకునే' మూలకు నెట్టేయడం. నెలకోసారి ఎవరు ఏ మూల కూర్చున్నారో రాసిపెడితే అది కనబడుతుంది.

పరీక్ష పెట్టే తీరు

రాత పరీక్ష ఇక్కడ పనికిరాదు. ఒకే గదిలో ఐదు తరగతులు ఉన్నప్పుడు అక్క చెప్పింది చెల్లి రాస్తుంది. ఒక్కో పాపను వరండాలోకి పిలిచి నోటితో చదివించాలి. మిగతావాళ్ళకు వినపడే దూరంలో చదివిస్తే మూడో పాపకల్లా కథ కంఠతా వచ్చేస్తుంది కాబట్టి కనీసం నాలుగు రకాల పేరాలు సిద్ధంగా ఉంచుకోవాలి. వాచకంలోని పాఠం వాడకూడదు. చాలామంది దాన్ని చూడకుండానే 'చదివేస్తారు'. అనుమానం వస్తే మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి అదొక్కటే చదవమనాలి.

అసర్ మెట్లు నాలుగు: అక్షరం, మాట, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. పాప ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి ఇవి చాలు. ఎక్కడ ఆగిందో తెలియాలంటే మాట అన్న మెట్టును ఇంకా విడగొట్టాలి. తల, పలక లాంటి సరళ పదాలు. బడి, కోడి లాంటి గుణింత పదాలు. అక్క, పువ్వు లాంటి ద్విత్వాలు. పుస్తకం, చంద్రుడు లాంటి సంయుక్తాలు. ద్విత్వాల దాకా చకచకా చదివి సంయుక్తం దగ్గర నిలిచిపోయే పాపకు కావలసింది పది రోజుల సాధన. గుణింతాల దగ్గరే ఆగిన పాపకు నెలలు పడుతుంది. ఇద్దరినీ 'పేరా రానివాళ్ళు' అని ఒకే గడిలో వేస్తే టీచరుకు ఆ పట్టికతో పని ఉండదు. నిమిషానికి ఎన్ని మాటలు చదివారన్న కొలతను మరో భాష ప్రమాణంతో పోల్చకూడదు. 'వెళ్ళిపోతున్నప్పుడు' తెలుగులో ఒక్క మాటే. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన పునాది అభ్యసన అధ్యయనం ఇరవై భాషలకు విడివిడిగా ప్రమాణాలు పెట్టింది ఇందుకే.

లెక్కల్లో జవాబు కన్నా తప్పు ఎక్కువ చెబుతుంది. 52లోంచి 27 తీసెయ్యమంటే 35 రాసిన పాపకు తీసివేత వచ్చు, అప్పు తెచ్చుకోవడం రాదు. ప్రతి వరుసలోనూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసింది. 79 రాసిన పాప గుర్తు చూడకుండా కూడేసింది. రెండూ తప్పులే, మర్నాడు చెప్పాల్సిన పాఠాలు వేరు.

ఒక్కొక్కరికి పది నిమిషాలు చొప్పున 18 మందికి మూడు గంటలు. రోజుకు ముగ్గురిని చూస్తే వారంలో అయిపోతుంది. జూన్ చివర, అక్టోబరు, ఫిబ్రవరి, మూడుసార్లు ఒకే సాధనంతో చూడాలి. ఫిబ్రవరిది మాత్రం కాంప్లెక్స్‌లోని పక్క బడి టీచరు వచ్చి చేస్తే మంచిది. సొంత టీచరు పాప తడబడగానే పెదవి కదిలించి అందిస్తారు, అది ప్రేమతోనే జరుగుతుంది. కొత్త మనిషిని చూసి నోరు తెరవని పిల్లలూ ఉంటారు కాబట్టి మొదట పేరు, ఇంట్లో కోళ్ళు మేకల సంగతి అడిగి మాట కలిపాకే కాగితం ఇవ్వాలి. ఫలితం రాసేటప్పుడు 'పన్నెండులో తొమ్మిది మంది కనీసం ఒక మెట్టు ఎక్కారు' అని రాయాలి. జూన్‌లోనే పైమెట్టు మీద ఉన్నవాళ్ళు ఎక్కడానికి మెట్టు ఉండదు, వాళ్ళను విడిగా చూపాలి.

ఈ పట్టికలో ఒక్కో వరుస ఒక్కో పాప. 'నాలుగో తరగతి, ఎస్టీ, బాలిక' అని రాస్తే ఊళ్ళో ఎవరికైనా అది ఎవరో తెలిసిపోతుంది. పేరు దాచినంత మాత్రాన దాగదు. అందుకే పిల్లలవారీ కాగితం టీచరు దగ్గర, ఆ పాప తల్లిదండ్రులకు చూపేంతవరకే ఉండాలి. ఎంఈవోకు (మండల విద్యాధికారికి) వెళ్ళే కాగితంలో పదిమంది లోపు ఉన్న ఏ గడినీ కులం, లింగంవారీగా విడగొట్టకూడదు. అమెరికా రాష్ట్రాలు బడి ఫలితాలు ప్రచురించేటప్పుడు ఇలాంటి చిన్న గడులను ఖాళీగా వదిలేస్తాయి. బడి గోడ మీద అతికించే కాగితంలో నాలుగు అంకెలు చాలు: ఆవాసంలో ఉన్న పిల్లలు ఎందరు, ఈ బడిలో ఎందరు, జూన్ నుంచి మెట్టు ఎక్కినవాళ్ళు ఎందరు, టీచరు పాఠం చెప్పిన రోజులు ఎన్ని.